మహమ్మారి కాలానికి సెలవుల పాలసీ రాయడం ఎలా?

పారిశ్రామికవాడల్లో హెచ్‌ఆర్ ఉద్యోగం చేస్తూ 2020 మార్చి నుంచి ఇలాంటి పాలసీలు చాలా రాశాను, ఇతరులు రాసినవి అంతకంటే ఎక్కువ దిద్దాను. దాదాపు ప్రతి దానిలోనూ శానిటైజర్ సీసాలు ఎక్కడ పెట్టాలో ఉంటుంది గానీ, జ్వరం వచ్చిన మనిషికి ఆ రోజు కూలి ఎవరిస్తారన్నది ఉండదు.

ముందుగా హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు, స్టాండింగ్ ఆర్డర్లు (హాజరు, సెలవులు, క్రమశిక్షణపై కంపెనీ రాతపూర్వక నియమావళి), కాంట్రాక్టర్ల ఒప్పందాలు దగ్గర పెట్టుకోండి. ఇంటి నుంచి చేయగల పనులనూ, చేయలేని పనులనూ వేరు చేయండి. హోదాలను బట్టి కాదు, పనిని బట్టి. షిఫ్టుల మధ్య పావుగంట ఎడం, క్యాంటీన్‌లో విడతలు, తెరిచిన కిటికీలు వంటివి సూపర్‌వైజర్లకు వదిలేయండి, వాళ్లే బాగా చూసుకుంటారు.

అసలు చిక్కంతా జబ్బు సెలవు జీతం దగ్గరే ఉంది. నేను పనిచేసిన ఒక ప్యాకింగ్ యూనిట్‌లో గేటు దగ్గర థర్మల్ గన్ పెట్టి, ఉష్ణోగ్రత ఎక్కువగా చూపితే వెనక్కి పంపి ఆ రోజు గైర్హాజరు వేసేవాళ్లం. వారం తిరగకుండానే గేటు బయటి కుళాయి దగ్గర వరుస మొదలైంది. ఒక్కొక్కరూ నుదురు తడుపుకుని, తువ్వాలుతో అద్దుకుని గన్ ముందుకు వచ్చేవారు. కొందరైతే ఇంటి దగ్గరే డోలో మాత్ర వేసుకుని బయలుదేరేవారు. ఆ నిబంధన రాసింది నేనే. కూలి పోతుందన్న భయం ఉన్నంత కాలం ఏ యంత్రమూ జ్వరాన్ని పట్టుకోలేదు.

‘ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉంది కదా’ అని ఇక్కడే చాలామంది తప్పుకుంటారు. నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉండి, చందా షరతులు నెరవేరిన కార్మికుడికి ఈఎస్ఐ కింద 70 శాతం చొప్పున ఏడాదిలో 91 రోజుల వరకు అనారోగ్య భత్యం వచ్చే మాట నిజమే. కానీ సాధారణంగా తొలి రెండు రోజులకు అది రాదు, వైద్యుడి ధ్రువపత్రం లేనిదే అసలు రాదు. పక్కింటివాడికి రోగం వచ్చి తాను ఇంట్లో ఉండిపోవలసి వచ్చిన ఆరోగ్యవంతుడికి ఆ పత్రం ఎవరిస్తారు? పైగా కంపెనీ జీతంతో సెలవు ఇచ్చిన రోజులకు భత్యం వర్తించదు గనుక, రెండూ కలిపి ఇస్తామని రాస్తే లెక్కల్లో చిక్కుకుంటారు. అందుకే ఏ రోజు ఎవరిదో విడదీసి రాయాలి: మొదటి ఏడు రోజులు కంపెనీ ఖర్చుతో ప్రత్యేక సెలవు, ధ్రువపత్రం అడగకుండా, ఎనిమిదో రోజు నుంచి ఈఎస్ఐ, దాని పరిధిలో లేనివారికి మామూలు జబ్బు సెలవు. ఏడు రోజులే రాయండి. అయిదు చాలవు, పద్నాలుగు రాస్తే యజమాని సంతకం పెట్టడు. ధ్రువపత్రం లేకపోతే దొంగ సెలవులు పెరుగుతాయని అకౌంట్స్ వారు గోల పెడతారు. ఒక జ్వరం వల్ల లైను మొత్తం ఆగిపోయిన రోజు నష్టం ఎంతో లెక్కకట్టి చూపించమని వారినే అడగండి.

కాంట్రాక్టు కార్మికులను మరిచిపోవద్దు. కాంట్రాక్టరు వేతనం ఎగ్గొడితే చెల్లించవలసిన బాధ్యత చట్టం ప్రకారం మీదే కాబట్టి, ఈ ఏడు రోజుల నియమాన్ని వారి ఒప్పందంలోనూ చేర్చండి.

షిఫ్టు వేళలు, సెలవులు మార్చేటప్పుడు కార్మికులకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9ఎ సెక్షన్ పెట్టిన నియమం. ఆ చట్టం స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అది కొనసాగుతోంది. పాలసీ రెండు పేజీలు దాటకూడదు, తెలుగులో ఉండాలి, షిఫ్టు మొదట్లో చదివి వినిపించాలి. ఇంగ్లిష్‌లో మెయిల్ పంపి ఊరుకునే పద్ధతి నా దృష్టిలో పాలసీయే కాదు.

చివరగా గడువు. ‘మహమ్మారి ముగిసే వరకు’ అని ఎప్పుడూ రాయకండి. లాక్‌డౌన్‌లో జీతాలు కోయవద్దని 2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ ఇచ్చిన ఆదేశం మే 18 నుంచి అమలులో లేకుండా పోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం అత్యవసర స్థితి ముగిసిందని 2023 మే 5న గానీ ప్రకటించలేదు. ఈ రెండింటిలో మీ ముగింపు ఏది? అందుకని ప్రతి నియమం పక్కనా 90 రోజుల తేదీ వేసి, ఆ రోజున కార్మికుల ప్రతినిధితో కూర్చుని పొడిగించాలో, కొట్టివేయాలో తేల్చండి. థర్మల్ గన్ మొదటి సమీక్షలోనే పోవాలి. ఏడు రోజుల సెలవును మాత్రం స్టాండింగ్ ఆర్డర్లలోకి మార్చి, గడువు తీరిన నోటీసులను ఆ సాయంత్రమే గోడ మీద నుంచి పీకించండి.