పాత ఫర్నేస్: రిపేరు చేయించాలా, మార్చేయాలా?

ఇంటిని వేడిచేసే ఫర్నేస్‌కి పదిహేనేళ్లు దాటాయంటే చాలు, చూడటానికి వచ్చిన టెక్నీషియన్ నోటి నుంచి "ఇంక మార్చేయండి" అన్న మాట వచ్చేస్తుంది. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. గ్యాస్ ఫర్నేస్ మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పనిచేస్తుంది, శ్రద్ధగా చూసుకుంటే ఇంకొన్నేళ్లు కూడా. కానీ వయసొక్కటే చూసి కొత్తది కొనడం డబ్బు దండగ. నడుస్తోంది కదా అని పాతదాన్ని పట్టించుకోకపోవడం ప్రమాదం. పాడైంది ఏ భాగం అన్నదాన్ని బట్టి నిర్ణయం తీసుకోవాలి. లోపలి చిన్న భాగాలన్నీ మార్చుకోదగ్గవే. మంట వేడిని గాలికి అందించే లోహపు భాగం, అంటే హీట్ ఎక్స్ఛేంజర్ పోతే మాత్రం ఇంక ఆలోచించడానికేమీ ఉండదు.

గాలిని వేడిచేసి డక్టుల (గాలి గొట్టాల) ద్వారా గదులకు పంపే గ్యాస్ ఫర్నేస్ గురించి రాస్తున్నాను. కనిపించే లక్షణంతో మొదలుపెట్టి, కారణం ఏమిటో, ఏం చేయాలో చూద్దాం.

గ్యాస్ వాసన వచ్చినా, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా

ఇక్కడ రిపేరు సంగతి తర్వాత. గ్యాస్ వాసన వస్తుంటే లైటు వేయకండి, వెలుగుతున్న లైటు ఆర్పకండి. ఇంట్లో అందరినీ తీసుకుని బయటికి వెళ్లి, అక్కడి నుంచే గ్యాస్ కంపెనీ ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగితే కూడా ముందు బయటికి వెళ్లి, ఎమర్జెన్సీ సర్వీసుకు ఫోన్ చేయండి. ఈ వాయువుకు రంగూ వాసనా ఉండవు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, తల తిరగడం మొదలై, బయటికి వెళ్తే తగ్గుతున్నాయంటే జలుబో ఫ్లూవో అనుకుని పడుకోకండి.

పాత ఫర్నేస్ ఉన్న ఇంట్లో ప్రతి అంతస్తులోనూ, పడకగదులకు దగ్గరలోనూ ఈ అలారం ఉండి తీరాలి. అలారానికి కూడా గడువు ఉంటుంది. ఒకసారి దాన్ని తీసి వెనక ఉన్న తేదీ చూడండి.

అసలు స్టార్టే కావడం లేదు

ఎవరికీ ఫోన్ చేయకముందు మీరే చూసుకోవాల్సినవి ఉన్నాయి. గది వేడిని నియంత్రించే థర్మోస్టాట్‌లో బ్యాటరీలు అయిపోయాయా? అది హీట్ మోడ్‌లోనే ఉందా? ఫర్నేస్ పక్కన మామూలు లైటు స్విచ్‌లాంటిది ఒకటి ఉంటుంది, లైటుదేమో అనుకుని ఎవరో ఆపేసి ఉండొచ్చు. బ్రేకర్ పడిందేమో చూడండి. ఫిల్టర్ మార్చాక తలుపు సరిగ్గా బిగించకపోయినా ఫర్నేస్ ఉలకదు పలకదు, ఎందుకంటే తలుపు వెనక ఒక సేఫ్టీ స్విచ్ ఉంటుంది.

ఇవన్నీ బాగానే ఉంటే తలుపులో ఉన్న చిన్న అద్దపు కన్నంలోంచి ఫర్నేస్‌ని నడిపించే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు చూడండి. ఎల్‌ఈడీ ఎన్నిసార్లు మిణుకుమంటోందో లెక్కపెట్టండి. ఆ లెక్కకు అర్థం చెప్పే పట్టిక తలుపు లోపలి వైపు అంటించి ఉంటుంది. పవర్ ఆపకముందే ఈ పని చేయండి, కొన్ని బోర్డుల్లో పవర్ ఆపితే కోడ్ చెరిగిపోతుంది. ఆ కోడ్ రాసిపెట్టుకుంటే టెక్నీషియన్‌తో మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

ఎల్‌ఈడీ అసలు వెలగకపోతే బోర్డు మీది చిన్న ఫ్యూజు పోయి ఉండొచ్చు. కార్లలో వాడే రకమే, సాధారణంగా 3 లేదా 5 ఆంపియర్లది. కొత్తది వేయగానే అదీ పోతే ఎక్కడో వైరు షార్ట్ అవుతోందన్నమాట. అంతకంటే పెద్ద ఫ్యూజు మాత్రం పెట్టకండి.

మంట అంటుకుని, కొన్ని సెకన్లలోనే ఆరిపోతోంది

పాత ఫర్నేస్‌లకు ఎక్కువగా వచ్చే జబ్బు ఇది. అనవసరంగా కొత్తది కొనిపించేది కూడా ఎక్కువగా ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

థర్మోస్టాట్ వేడి అడగగానే ముందు ఇండ్యూసర్ అనే చిన్న ఫ్యాన్ తిరుగుతుంది. పొగ బయటికి పోయే దారి బాగానే ఉందని ప్రెషర్ స్విచ్ చెప్తుంది. ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, మంట అంటుకుంటుంది. మంట నిజంగా ఉందని బోర్డుకు చెప్పేది ఫ్లేమ్ సెన్సర్. బర్నర్ ముందు మంటలోకి చొచ్చుకుని ఉండే సన్నటి కడ్డీ అది. మంట గుండా దానికి అందే కరెంటు మైక్రో ఆంపియర్లలో ఉంటుంది. కడ్డీ మీద ఏళ్ల తరబడి పల్చటి పొర పేరుకుంటే ఆ కాస్త కరెంటు కూడా అందదు. మంట ఎదురుగా మండుతున్నా బోర్డు లేదనుకుని గ్యాస్ ఆపేస్తుంది. మళ్లీ వెలిగిస్తుంది, మళ్లీ ఆపేస్తుంది. కొన్నిసార్లు ప్రయత్నించి లాకౌట్ అయిపోతుంది, అంటే ఇక వెలిగించడం మానేస్తుంది.

దీనికి మందు చిన్నదే. పవర్ ఆపండి, గ్యాస్ వాల్వ్ మూయండి. సెన్సర్‌ను పట్టి ఉంచే ఒకే ఒక స్క్రూ విప్పి, వైరు తీసి, కడ్డీని మెల్లగా బయటికి లాగండి. సన్నటి స్టీల్ ఊల్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, ఎలా ఉందో అలాగే పెట్టేయండి. గరుకు శాండ్ పేపర్ వద్దు, ఆ గీతల్లో మళ్లీ త్వరగా పొర పడుతుంది. తెల్లటి పింగాణీ భాగం పగిలి ఉంటే మాత్రం కొత్త సెన్సర్ వేయాలి, అదేమీ ఖరీదైన వస్తువు కాదు. ఇలాంటి పనులు చేతకాదనిపిస్తే టెక్నీషియన్‌ను పిలవండి, తప్పులేదు. కానీ ఈ లక్షణం చూసి ఫర్నేస్ మార్చమంటే ఒప్పుకోకండి.

ఇగ్నైటర్ అసలు ఎర్రబడకపోతే అది పగిలి ఉండొచ్చు. అది కూడా మార్చుకునే భాగమే. కొత్తది బిగించేటప్పుడు కాలే భాగాన్ని ఉత్త చేత్తో ముట్టుకోకూడదు. వేలి జిడ్డు అంటితే అక్కడే పగులుతుంది.

కాసేపు వేడి వచ్చి ఆగిపోతోంది, మళ్లీ మొదలవుతోంది

తొంభై పాళ్లు ముందు చూడాల్సింది ఫిల్టరే. అది మూసుకుపోతే గాలి ఆడదు, లోపల వేడి హద్దు మీరుతుంది, లిమిట్ స్విచ్ మంటను ఆపేస్తుంది. గదులకు గాలి పంపే పెద్ద ఫ్యాన్, బ్లోయర్ మాత్రం తిరుగుతూ చల్లగాలి కొడుతుంది. ఫిల్టర్ మార్చండి. వాడని గదుల్లో మూసేసిన వెంట్లు తెరవండి, గ్యాస్ ఆదా అవుతుందని మూస్తుంటారు గానీ దానివల్ల ఫర్నేస్‌కి ఊపిరాడదు.

దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. ఇలా మాటిమాటికీ అతిగా వేడెక్కి చల్లారడం వల్లే హీట్ ఎక్స్ఛేంజర్ లోహం అలసిపోయి చిట్లుతుంది. చవకైన ఫిల్టర్ దగ్గర చేసిన అశ్రద్ధ ఫర్నేస్ మొత్తం ప్రాణం తీస్తుంది. లిమిట్ స్విచ్ పదేపదే పడుతోందని దాన్ని వైరుతో కలిపేసి నడిపించడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

పెట్టిన రోజు నుంచీ ఇలాగే ఉంటే, ఇంటికి అవసరమైనదానికంటే పెద్ద ఫర్నేస్ పెట్టారేమో. దానికి రిపేరు లేదు. మార్చే రోజు వచ్చినప్పుడు సరైన సైజు తీసుకోవడమే.

ప్రెషర్ స్విచ్ కోడ్ చూపిస్తోంది, లేదా ఫర్నేస్ కింద నీళ్లు

ముందు బయటికి వెళ్లి ఫర్నేస్ పొగ వదిలే పైపులు చూడండి. మంచు పేరుకున్నా, పిట్ట గూడు పెట్టినా ఈ కోడే వస్తుంది. తెల్లటి ప్లాస్టిక్ పైపుతో పొగ బయటికి పంపే ఫర్నేస్ అయితే, అది పొగలోని ఆవిరిని కూడా నీరుగా మార్చి ఆ వేడిని వాడుకునే రకం. ఆ నీరు పోయే గొట్టం, దానికుండే వంపు (ట్రాప్) మూసుకుపోతే నీళ్లు కింద కారతాయి, ఫర్నేస్ ఆగిపోతుంది. శుభ్రం చేస్తే సరిపోతుంది. లోహపు పైపు ఉన్న రకం కింద నీళ్లు కనిపిస్తే గాలికి తేమ చేర్చే హ్యూమిడిఫయర్ కారుతోందేమో చూడండి. అది కాకపోతే పొగ గొట్టంలోనే చల్లబడుతోందని అర్థం, టెక్నీషియన్‌ను పిలవాల్సిందే.

శబ్దాలు

కీచుమంటే బ్లోయర్ లేదా ఇండ్యూసర్ బేరింగులు. వెలిగేటప్పుడు ఢమ్మని పేలినట్టు వస్తే గ్యాస్ పోగయ్యి ఆలస్యంగా అంటుకుంటోంది, బర్నర్లు శుభ్రం చేయించాలి. దీన్ని వారాల తరబడి వాయిదా వేయకండి.

బ్లోయర్ మొదలవగానే మంట చెదురుతోంది

హీట్ ఎక్స్ఛేంజర్ సంగతి ఇక్కడే తెలుస్తుంది. ఇది మీ కళ్లతో మీరే చూడొచ్చు. కన్నంలోంచి చూస్తూ ఫర్నేస్ స్టార్ట్ చేయండి. మంటలు నీలంగా, తిన్నగా లోపలికి సాగాలి. అప్పుడప్పుడు నారింజ రంగు మెరుపులు కనిపిస్తే అది దుమ్ము కాలడం, కంగారు అక్కర్లేదు. అర నిమిషం నుంచి నిమిషం లోపు పెద్ద బ్లోయర్ మొదలవుతుంది. ఆ క్షణం జాగ్రత్తగా గమనించండి. మంటలో ఏ మార్పూ రాకూడదు. ఎందుకంటే మంట ఉండే గదికీ బ్లోయర్ గాలి పోయే దారికీ మధ్య హీట్ ఎక్స్ఛేంజర్ గోడ ఉంది. బ్లోయర్ తిరగగానే మంట ఊగినా, పక్కకు వంగినా, ముందుకు తన్నుకొచ్చినా ఆ గోడకు చిల్లు పడి గాలి దూరుతోందేమోనని అనుమానించాలి. మంట పూర్తిగా పసుపురంగులో ఉన్నా, బర్నర్ల చుట్టూ మసి ఉన్నా, మంట బయటికి తన్నుకొస్తే ఫర్నేస్‌ని ఆపే రోలవుట్ స్విచ్ పడినా వెంటనే ఆపేసి టెక్నీషియన్‌ను పిలవాలి. అయితే ఒక మాట, మంట కదలలేదు కాబట్టి పగులు లేదని కూడా చెప్పలేం. పగులు చాలాసార్లు కంటికి అందని మూలలో ఉంటుంది.

టెక్నీషియన్ పగులు ఉందని చెబితే, "చూపించండి" అని అడగండి. సన్నటి కెమెరా లోపలికి పంపి ఫొటోనో వీడియోనో తీయొచ్చు. తుప్పు మరకను, తయారీలోనే ఉన్న అతుకును పగులుగా చూపించి కొత్తది అమ్మేవాళ్లు ఉన్నారు కాబట్టి రెండో అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు. కానీ ఆ రెండో మనిషి వచ్చేదాకా ఫర్నేస్ ఆపే ఉంచండి. చలికి ఇబ్బందే, ఎలక్ట్రిక్ హీటర్లతోనో బంధువుల ఇంట్లోనో గడపండి. పగులు నిజమైతే అతుకులు, వెల్డింగులు పనికిరావు. హీట్ ఎక్స్ఛేంజర్‌కి చాలా కంపెనీలు దీర్ఘకాలపు వారంటీ ఇస్తాయి, సీరియల్ నంబరుతో అడిగి చూడండి. భాగం ఉచితంగా వచ్చినా కూలీ ఎక్కువే అవుతుంది. పదిహేనేళ్లు దాటిన ఫర్నేస్‌కి ఆ కూలీ పెట్టడం నా దృష్టిలో వృథా. ఆ డబ్బు కొత్తదానికి పెట్టండి.

పెద్ద భాగం పోయింది, కానీ ప్రమాదమేమీ లేదు

బ్లోయర్ మోటారో, బోర్డో పోయిందనుకోండి. రిపేరు ఖర్చు కొత్త ఫర్నేస్ పెట్టించే ఖర్చులో మూడోవంతు దాటి, వయసు కూడా పదిహేను దాటితే మార్చడమే మేలు. పదేళ్లలోపు అయితే రిపేరే చేయించండి. మధ్యలో ఉంటే గత రెండు చలికాలాల్లో ఎన్నిసార్లు పిలవాల్సి వచ్చిందో చూసుకోండి. ఒక్కో ఏడాది ఒక్కో భాగం పోతుంటే అది ఆగదు. వయసు తెలియకపోతే లోపలి నేమ్ ప్లేట్ చూడండి. తయారీ తేదీ లేకపోయినా చాలా కంపెనీల సీరియల్ నంబరులోనే సంవత్సరం, వారం దాగి ఉంటాయి.

బిల్లు పెరిగిపోతోంది

చాలామంది నేరం ఫర్నేస్ మీద వేస్తారు. ఈ ఏడాది చలి ఎక్కువా, గ్యాస్ రేటు పెరిగిందా, డక్టుల అతుకులు ఊడి అటకలోకి వేడి పోతోందా అన్నవి ముందు చూడండి. ఒక్క గదే చల్లగా ఉంటే అది దాదాపు ఎప్పుడూ డక్టులదో, ఇన్సులేషన్‌దో సమస్య. కొత్త ఫర్నేస్ పెట్టినా ఆ గది అలాగే ఉంటుంది.

ఆదా ఎంతో మీరే లెక్క వేసుకోవచ్చు. ఏడాది మొత్తంలో కాల్చిన గ్యాస్‌లో ఎంత శాతం ఇంటికి వేడిగా అందుతుందో చెప్పే కొలత ఏఎఫ్‌యూఈ. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం ఎప్పుడూ పైలట్ మంట వెలుగుతుండే పాతకాలపు ఫర్నేస్‌లు 56 నుంచి 70 శాతం, లోహపు పైపు ఉండే తర్వాతి రకం 80 దగ్గర, ప్లాస్టిక్ పైపు రకం 90 నుంచి 98 దాకా. 80 నుంచి 96కి మారితే, 100 యూనిట్ల గ్యాస్ కాల్చే చోట 83 చాలు, అంటే ఆరోవంతు మిగులు. 65 నుంచి 96కి మారితే దాదాపు మూడోవంతు మిగులుతుంది. ఈ ఆదా మొత్తం బిల్లులో కాదు, ఇల్లు వేడిచేసే ఖర్చులోనే. చలికాలపు ఒక్కో నెల బిల్లులోంచి వేసవి నెల బిల్లు తీసేస్తే వేడి ఖర్చు తేలుతుంది. 80 శాతం ఫర్నేస్ ఆరోగ్యంగా ఉంటే, కేవలం ఈ ఆదా కోసం మార్చమని నేను చెప్పను. 60, 65 శాతం దగ్గర ఉన్నదైతే తప్పకుండా ఆలోచించండి.

మార్చాలని తేలాక

పాత ఫర్నేస్ మీది నంబరు చూసి అదే సైజు రాసిచ్చే కాంట్రాక్టర్‌ను నమ్మకండి. కిటికీలు, గోడలు, ఇన్సులేషన్ కొలిచి లెక్క కట్టినవాడే పని తెలిసినవాడు. ఏసీ కూడా ముసలిదైపోయి ఉంటే రెండింటికీ కలిపి ధర అడగండి. బయటి గాలిలోని వేడిని కరెంటుతో లోపలికి తెచ్చే హీట్ పంపుకు విడిగా ఒక ధర రాయించుకోండి.

చాలామంది మర్చిపోయేది వాటర్ హీటర్. పాత ఫర్నేస్, వాటర్ హీటర్ ఒకే చిమ్నీలోకి పొగ వదులుతుంటే, కొత్తది ప్లాస్టిక్ పైపుకు మారాక ఆ పెద్ద చిమ్నీకి వాటర్ హీటర్ ఒక్కటే మిగులుతుంది. పొగ పైకి లాగే బలం చాలక ఇంట్లోకి తిరగబడొచ్చు. చిమ్నీకి లైనర్ (లోపల సన్నటి గొట్టం) వేస్తారా, వాటర్ హీటర్ మారుస్తారా అన్నది కొటేషన్‌లోనే రాయించండి.

బిగించిన రోజు గ్యాస్ ప్రెషర్, డక్టుల్లో గాలి ఒత్తిడి కొలిపించండి. లోపలికి వెళ్లే గాలికీ బయటికొచ్చే గాలికీ ఎన్ని డిగ్రీల తేడా ఉందో కూడా కొలవాలి. ఆ తేడా నేమ్ ప్లేట్ మీద ఇచ్చిన పరిధిలో ఉండాలి. ఈ అంకెలన్నీ కాగితం మీద రాసిచ్చాకే చివరి చెల్లింపు చేయండి.