ఉరుముల కాలం, వరదల కాలం రాకముందే: హామ్ డిజిటల్ మోడ్‌ల సాఫ్ట్‌వేర్ జాగ్రత్తలు

మే నెల సాయంత్రపు ఉరుములతో మొదలై నవంబరు వాయుగుండాల దాకా కర్నూలు, అనంతపురం, కడప హామ్ (అభిరుచి రేడియో) స్టేషన్లకు కష్టకాలం. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచింది. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అలాంటి రోజున కరెంటునీ నెట్‌నీ నమ్ముకోలేం. అందుకే రేడియోకు కంప్యూటర్ తగిలించి అక్షరాలు పంపే డిజిటల్ మోడ్‌లకు ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ముందు ఒక్క పరీక్ష పెట్టండి: వైఫై ఆపి, లాప్‌టాప్ ఛార్జర్ పీకి గంటసేపు నడపండి. ఆ గంటలో నిలవనిది వరదలోనూ నిలవదు.

జో టేలర్, స్టీవ్ ఫ్రాంక్ 2017లో తెచ్చిన ఎఫ్‌టీ8 చాలామందికి అలవాటైన మోడ్. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో అది వినపడని సిగ్నల్‌ను కూడా పట్టేస్తుంది. కానీ అందులో పంపగలిగేది కాల్‌సైన్ (స్టేషన్ పేరు), గ్రిడ్ (స్టేషన్ ఉన్న చోటు కోడ్), సిగ్నల్ రిపోర్టు మాత్రమే. సొంత మాట రాయాలంటే ఒక విడతకు 13 అక్షరాలు. "మందులు కావాలి, పడవ పంపండి" అని చెప్పడానికి అది పనికిరాదు. యాంటెన్నా ఎటు పలుకుతోందో చూసుకోవడానికి దాన్ని ఉంచుకోండి, సందేశాలకు వేరే ఏర్పాటు చేసుకోండి.

సందేశాలకు మా ఓటు ఎఫ్‌ఎల్‌డిజి సాఫ్ట్‌వేర్‌కే. అందులో చాలా మోడ్‌లు ఉన్నాయి. ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, గడియారం సరిగ్గా లేకపోయినా పనిచేస్తుంది. మోడ్ విషయంలో మాత్రం తొందరపడొద్దు. పీఎస్‌కే31 వేగం నిమిషానికి 50 మాటలదాకా ఉన్నా, ఉరుముల చిటపటలకు అక్షరాలు చెదిరిపోతాయి. ఒలివియా 8/500 నిమిషానికి 30 మాటలే పంపుతుంది, కానీ తప్పులను తానే దిద్దుకుంటూ ఆ రొదలోంచి బయటపడుతుంది. బ్యాండ్ ప్రశాంతంగా ఉన్నప్పుడు పొడవైన జాబితాలకు ఎంఎఫ్‌ఎస్‌కే32 వాడండి. ఫైలును దాని తోడు ప్రోగ్రాం ఎఫ్‌ఎల్‌ఆంప్‌తో పంపితే ముక్కలుగా వెళ్తుంది, అందని ముక్కలను మాత్రమే మళ్లీ పంపితే చాలు. రెండు వైపులా ఆర్‌ఎస్‌ఐడీ (మోడ్‌ను తెలిపే గుర్తింపు సంకేతం) ఆన్ చేసి పెట్టండి. అవతలివాళ్లు ఏ మోడ్‌లో పంపుతున్నారో మీ కంప్యూటరే గుర్తుపడుతుంది.

తెలుగు లిపిలో టైప్ చేసే ముందు ఒక లెక్క చూడండి. యూటీఎఫ్-8లో "కర్నూలు" 21 బైట్లు, అదే ఊరి పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో 7 బైట్లే. మూడింతల సమయం, మూడింతల బ్యాటరీ. మాట తెలుగే ఉండనివ్వండి, అక్షరాలు మాత్రం ఇంగ్లిష్‌వి వాడండి.

మనిషి ఎప్పుడూ సెట్ ముందు కూర్చోలేని చోట జేఎస్8కాల్ సాఫ్ట్‌వేర్ మేలు. సందేశాన్ని దాచి ఉంచుతుంది, మధ్య స్టేషన్ ద్వారా ముందుకు పంపుతుంది. రేడియో మీద ఈమెయిల్ పంపే విన్‌లింక్ కూడా మంచిదే, కానీ మీకు అందే దూరంలో గేట్‌వే (ఈమెయిల్‌ను నెట్‌లోకి చేర్చే స్టేషన్) పలకాలి, అది లేనప్పుడు ఈమెయిల్ కదలదు. విన్‌లింక్‌తో వాడే వారా హెచ్‌ఎఫ్ అనే మోడెమ్ సాఫ్ట్‌వేర్ పూర్తి వేగానికి డబ్బు కట్టాలి. ఏది వాడినా రహస్య సంకేతాలు, వ్యాపార సందేశాలు లైసెన్సు నిబంధనలకు విరుద్ధం. మీ గ్రేడ్‌కు డేటా మోడ్‌లు, ఎంత పవర్ అనుమతించారో లైసెన్సు తీసి చూసుకోండి.

గడియారం సంగతి. ఎఫ్‌టీ8, జేఎస్8 రెండింటికీ సమయం సెకను లోపు కలవాలి. నెట్ పోయిన లాప్‌టాప్ రోజుకు కొన్ని సెకన్లు తప్పినా వింతేమీ కాదు. వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్లను రంగుల్లో చూపే తెర) సిగ్నళ్లు కనిపిస్తున్నా ఒక్కటీ డీకోడ్ కావడం లేదంటే మొదట అనుమానించాల్సింది గడియారాన్నే. డీటీ (సమయం తేడా) కాలమ్‌లో అన్ని స్టేషన్లకూ దాదాపు ఒకే తేడా కనిపిస్తే తప్పు మీదే, వాళ్లది కాదు. యూఎస్‌బీ జీపీఎస్ రిసీవర్ ఒకటి కొని, దాంతో సమయం దిద్దుకోవడం ఇప్పుడే నేర్చుకోండి. లాగ్‌లో యూటీసీయే రాయాలి, మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేయండి. గ్రిడ్ కర్నూలుకు ఎంకే95, అనంతపురానికి ఎంకే84, కడపకు ఎంకే94.

ఆడియో దగ్గరే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. 7 మెగాహెర్ట్జ్ అనగానే చెయ్యి ఎల్‌ఎస్‌బీ (లోయర్ సైడ్‌బ్యాండ్) మీదికి పోతుంది. ఎఫ్‌టీ8, జేఎస్8 రెండూ ఏ బ్యాండ్‌లోనైనా అప్పర్ సైడ్‌బ్యాండ్ మీదే (దీన్నీ యూఎస్‌బీ అనే అంటారు, వైరు యూఎస్‌బీ వేరు). రేడియోలో స్పీచ్ ప్రాసెసర్ ఆపండి. ఏఎల్‌సీ (ఆడియో మితిమీరితే కదిలే మీటరు) సూచి కదలనంత వరకే టీఎక్స్ (పంపే ఆడియో) స్లైడర్ పెంచండి. అది దాటితే మీ సిగ్నల్ బ్యాండంతా పరుచుకుని పక్కవాళ్ల పని చెడగొడుతుంది. రిసీవ్ మీటర్ ఖాళీ నాయిస్ మీద 30 డెసిబెల్స్ దగ్గర ఉండాలి. విండోస్ శబ్దాలను రేడియో సౌండ్ కార్డుకు తగలనివ్వకండి, లేకపోతే ఎవరో ఈమెయిల్ పంపిన 'టింగ్' కూడా ప్రసారమైపోతుంది. యూఎస్‌బీ వైరు వేరే పోర్టులో పెడితే సౌండ్ కార్డు పేరు, కామ్ పోర్టు (కంప్యూటర్ రేడియోను అదుపు చేసే దారి) నంబరు మారిపోవచ్చు. ఏ పోర్టులో ఏ వైరో స్టిక్కర్ అంటించండి.

డిజిటల్ మోడ్‌లో ట్రాన్స్‌మిటర్‌కు మాటల మధ్య దొరికే విరామం దొరకదు. ఎఫ్‌టీ8లో 15 సెకన్ల విడతకు 12.64 సెకన్లు పూర్తి పవర్. ఒలివియాలో నిమిషాల తరబడి. మే ఎండలో రేకుల గదిలో అయితే చెప్పక్కర్లేదు. 100 వాట్ల సెట్‌ను 30 వాట్లకు దించండి. మైక్రోబిటెక్స్ లాంటి చిన్న సెట్లలో ఐఆర్‌ఎఫ్510 ట్రాన్సిస్టర్ల హీట్‌సింక్‌ను తరచూ చూసుకోండి.

పంపేటప్పుడు కామ్ పోర్టు మాయమవుతోందా, రేడియో పంపుతూనే ఉండిపోతోందా? అది సాఫ్ట్‌వేర్ లోపం కాకపోవచ్చు. యూఎస్‌బీ వైరులోకి ఆర్‌ఎఫ్ (మీరు పంపే రేడియో తరంగాల శక్తి) దూరుతోంది. పొట్టి వైరు వాడి, రెండు చివర్లా ఫెరైట్‌లు (ఆర్‌ఎఫ్‌ను అడ్డుకునే రింగులు) తగిలించండి. ఇంట్లో ఇన్వర్టర్ మీద లాప్‌టాప్ నడిపితే కొన్నిసార్లు బ్యాండంతా రొదే. దాన్ని ఆపి, 12 వోల్టుల బ్యాటరీకి కారు ఛార్జర్ పెట్టి నాయిస్ పోల్చి చూడండి. చవకరకం కారు ఛార్జర్లు కూడా రొద చేస్తాయి కాబట్టి కొన్నాక వెంటనే వినండి.

జిల్లాల మధ్య మాటకు 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్) డైపోల్ అనే తీగ యాంటెన్నా, మొత్తం పొడవు సుమారు 20 మీటర్లు, 4 నుంచి 8 మీటర్ల ఎత్తులో కడితే సిగ్నల్ నిటారుగా పైకి వెళ్లి మన మూడు జిల్లాల మీదే పడుతుంది. ఒక మిద్దె ఎత్తు చాలు. రాత్రి దగ్గరి స్టేషన్లు వినపడకపోతే 80 మీటర్ల బ్యాండ్‌కు మారండి. ఏ గంటకు ఏ ఫ్రీక్వెన్సీ, ఏ మోడ్ అన్నది ముందే తేల్చుకుని కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఇన్‌స్టాలర్లు, సౌండ్ కార్డు డ్రైవర్లు, డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ఇని (సెట్టింగ్‌ల) ఫైలు, ఎఫ్‌ఎల్‌డిజి ఫైల్స్ ఫోల్డర్ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. సీజన్ మధ్యలో కొత్త వెర్షన్ వేయకండి, పాతది పని చేస్తుంటే దాని జోలికి పోవద్దు.

ఇక పిడుగు. దూరపు మెరుపులు వాటర్‌ఫాల్‌లో అడ్డంగా ప్రకాశవంతమైన గీతలుగా కనిపిస్తాయి. అవి వందల కిలోమీటర్ల అవతలివి కూడా కావచ్చు, వాటిని చూసి దూరం అంచనా వేయొద్దు. ఫోన్‌లో పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ పెట్టుకోండి, నెట్ లేకపోతే చెవులే గతి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువుంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉంది. ఆ సమయంలో కోయాక్స్ (యాంటెన్నా నుంచి రేడియోకు వచ్చే వైరు) పీకడానికి కూడా చెయ్యి పెట్టొద్దు. అందుకే వాడనప్పుడు కోయాక్స్ ఎప్పుడూ కిటికీ బయటే ఉండాలి. దాంతోపాటు కరెంటు ప్లగ్గు, బ్రాడ్‌బ్యాండ్ వైరు, లాప్‌టాప్‌కూ రేడియోకూ మధ్య యూఎస్‌బీ వైరు కూడా తీసేయండి. ఈ చివరిది మర్చిపోతే సెట్‌తో పాటు కంప్యూటరూ పోతుంది. బండ తగిలిన నేలలో ఎర్త్ రాడ్ లోతుకు దిగదు, ఉన్నదాన్ని నమ్మి వైర్లు వదిలేయకండి. ఆఖరి ఉరుము వినబడ్డాక 30 నిమిషాలు ఆగి మళ్లీ తగిలించండి.