చేతికుట్టు దిండుకి ఆ చివరి జానెడు మూసిన పద్ధతి

మా అత్తయ్య ఊరినుంచి బూరుగు దూది పంపిందండి, మిషన్ లేదు కాబట్టి దిండ్లు చేత్తోనే కుట్టేశా (లోపలి సంచి పాత దుప్పటి గుడ్డది, పైన గలీబు పాత నేతచీరది), చుట్టూ బ్యాక్ స్టిచ్ (ఒక్కో కుట్టుకీ సూదిని కాస్త వెనక్కి గుచ్చి ముందుకి తీసే గట్టి కుట్టు) బాగానే వచ్చింది కానీ దూది కూరడానికి వదిలిన జానెడు సందు దగ్గరే గొడవంతా. పైనుంచి కుడితే ముడతలు పడి లేచిపోవడం, సందుల్లోంచి దూది ఎగిరి ముక్కులోకి రావడం.

చివరికి ఏం చేశానంటే, రెండు అంచుల్నీ అర అంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ కొట్టా (ఇది దూది కూరకముందే చేసుకోండి, తర్వాత కుదిరి చావదు). దారం రెండు పేటలు తీసుకుని కొవ్వొత్తి ముక్కకి రుద్దితే చిక్కు పడదు. ముడి లోపల దాచేసి, సూదిని ఈ మడతలో కాస్త దూరం పోనిచ్చి బయటికి తీసి, సరిగ్గా ఎదురుగా అవతలి మడతలో గుచ్చి, ఇలా అటూ ఇటూ, నాలుగైదు కుట్లకోసారి దారం లాగితే అంచులు రెండూ కలిసిపోయి కుట్టు అసలు కనపడదు.

నేతచీర పల్చన కదా, అందుకని దూదిని ముందు దగ్గరి నేత ఉన్న పాత దుప్పటి గుడ్డతో కుట్టిన సంచిలో కూరా, చీర పైన గలీబు మాత్రమే. గింజలు ఏరి, ఎండబెట్టి, కూరేటప్పుడు ఫ్యాన్ ఆపేయండి బాబూ. బూరుగు దూదిని ఉతక్కండి, ఉండలు కడుతుంది, ఎండలో వేసి దులిపితే చాలు.

ఇక పాత చీరలతో బొంత మొదలెట్టా, టాకాలు (పొడుగు కుట్లు) వేస్తున్నా.