99202 నుంచి 99205 దాకా: న్యూ పేషెంట్ విజిట్‌కు సరైన కోడ్ ఎంచుకోవడం

అమెరికా క్లినిక్ చార్టు తెరవగానే, విజిట్‌కు బిల్లింగ్ కోడ్ ఇచ్చే చాలామంది కోడర్ల కళ్లు నేరుగా లెవెల్ (99202 నుంచి 99205లో ఏదన్నది) మీదికే వెళ్తాయి. దానికన్నా ముందు తేలాల్సింది, ఆ పేషెంట్ అసలు న్యూనా కాదా అని. ఇక్కడ తప్పితే లెవెల్ ఎంత బాగా కట్టినా క్లెయిమ్ తిరిగొస్తుంది.

గత 3 ఏళ్లలో అదే డాక్టరు గానీ, అదే గ్రూపులో అదే స్పెషాలిటీ, అదే సబ్‌స్పెషాలిటీ డాక్టరు గానీ ముఖాముఖి చూసి ఉంటే ఆ పేషెంట్ ఎస్టాబ్లిష్డ్, అంటే పాత పేషెంట్. కోడ్ 99212–99215లో వెతకాలి. ఆసుపత్రిలో చూసినా లెక్కే. డాక్టరు గ్రూపు మారితే, వెంట వచ్చిన పాత పేషెంట్ కొత్త చోట కూడా ఎస్టాబ్లిష్డే; సాఫ్ట్‌వేర్‌లో కొత్త రిజిస్ట్రేషన్ కనబడిందని మోసపోకండి. పేషెంట్‌ను చూడకుండా ఈసీజీ చదివి రిపోర్టు మాత్రమే ఇచ్చి ఉంటే న్యూగానే ఉంటారు.

ఇక లెవెల్. 99201ను 2021లోనే తీసేశారు. మిగిలిన నాలుగింటినీ టైమ్‌తో గానీ, ఎండీఎంతో (మెడికల్ డెసిషన్ మేకింగ్, అంటే డాక్టరు తీసుకున్న నిర్ణయం ఎంత క్లిష్టమైనదో దాన్నిబట్టి) గానీ కట్టొచ్చు. టైమ్ అయితే కనీసం 15, 30, 45, 60 నిమిషాలు, వరుసగా 99202, 03, 04, 05. విజిట్ రోజున డాక్టరు, ఎన్‌పీ (నర్స్ ప్రాక్టీషనర్) లేదా పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్) స్వయంగా పెట్టిన టైమే లెక్క. పాత రికార్డులు చదవడం, నోట్ రాయడం అందులో చేరతాయి. నర్సు బీపీ చూసిన టైమ్ చేరదు. విడిగా బిల్ చేసే ప్రొసీజర్ టైమ్ తీసేయాలి. మొత్తం నిమిషాలు చార్టులో రాసి లేకపోతే టైమ్ జోలికి వెళ్లొద్దు.

ఎండీఎంలో ప్రాబ్లమ్స్, డేటా, రిస్క్ అని మూడు ఉంటాయి. మూడింటిలో రెండు ఏ లెవెల్‌ను అందుకుంటే అదే లెవెల్: స్ట్రెయిట్‌ఫార్వర్డ్ 99202, లో 99203, మోడరేట్ 99204, హై 99205.

ఒక చార్టు చూద్దాం. షుగర్ పేషెంట్, ఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.2, టార్గెట్ 7. డాక్టరు మెట్‌ఫార్మిన్ డోసు పెంచి, సీఎంపీ (కాంప్రహెన్సివ్ మెటబాలిక్ ప్యానెల్ అనే రక్తపరీక్ష), లిపిడ్ ప్యానెల్ (కొలెస్ట్రాల్ పరీక్ష) రాశారు. మొత్తం టైమ్ 38 నిమిషాలు. షుగర్ టార్గెట్‌లో లేదు కాబట్టి పేషెంట్‌కు ఏ ఇబ్బందీ లేకపోయినా అది స్టేబుల్ కాదు, ప్రాబ్లమ్స్ మోడరేట్. రెండు టెస్టులే, డేటా లో. ప్రిస్క్రిప్షన్ మందు మేనేజ్‌మెంట్, రిస్క్ మోడరేట్. రెండు మోడరేట్లు వచ్చాయి కాబట్టి 99204. టైమ్‌తో వెళ్తే 99203 దగ్గరే ఆగిపోయేది.

కొత్తవాళ్లు ఎక్కువగా జారేది డేటా దగ్గర. సీఎంపీలో 14 పరీక్షలున్నా దానికున్న కోడ్ ఒక్కటే, 80053, కాబట్టి ఒక్క టెస్టే. ఇవాళ ఆర్డర్ చేసినప్పుడు లెక్కపెట్టిన టెస్టు రిజల్ట్‌ను వచ్చే విజిట్‌లో మళ్లీ లెక్కపెట్టకూడదు. రిస్క్‌లో కూడా మందుల జాబితా నోట్‌లో ఉన్నంత మాత్రాన మేనేజ్‌మెంట్ అయిపోదు. డాక్టరు ఆ మందు గురించి ఆలోచించి కొనసాగించారనో, మార్చారనో, ఆపారనో రాసి ఉండాలి.

అదే రోజు మోకాలికి ఇంజెక్షన్ లాంటి ప్రొసీజర్ ఉంటే, విజిట్ పని దానికి మించి విడిగా కనబడినప్పుడే విజిట్ కోడ్‌కు మాడిఫయర్ 25 (విజిట్ ప్రొసీజర్‌కు వేరని చెప్పే గుర్తు) పెట్టండి. టైమ్‌తో కట్టిన 99205 ఇంకా పొడుగైతే 75 నిమిషాల నుంచి 99417 (అదనపు టైమ్‌కు ఉన్న కోడ్) జోడించొచ్చు. మెడికేర్‌కు (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) మాత్రం దాని బదులు జీ2212 వాడాలి, అది 89వ నిమిషం దాకా రాదు.