దాళ్వా నీటి ప్రతిపాదన: సలహా మండలి ముందు ఎలా పెట్టాలి

గోదావరి డెల్టాలో దాళ్వాకు (రబీ వరికి) ఎంత ఆయకట్టుకు నీరివ్వాలో, కాలువలు ఏ రోజున కట్టేయాలో (మూసేయాలో) ఏటా జిల్లా సాగునీటి సలహా మండలి సమావేశంలో తేలుతుంది. మంత్రి, కలెక్టరు, ఎమ్మెల్యేలు, నీటి సంఘాల అధ్యక్షులు అందరూ అక్కడే ఉంటారు. జలవనరుల శాఖ ఇంజనీర్లకు దొరికేది పది పదిహేను నిమిషాలు. అంత తక్కువ సమయంలో సరైన నిర్ణయం రావాలంటే నెల ముందు నుంచే పని మొదలుపెట్టాలి.

ముందుగా తేదీ. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు నడుస్తుండగానే, దాళ్వా ఆకుమళ్లు పోయకముందే సమావేశం జరగాలి. నవంబరు మొదటి పక్షం దాటనివ్వకండి. ఆకుమడి పోసేసిన రైతుతో నీళ్లు లేవని ఏ నాయకుడూ చెప్పలేడు, చెప్పమని అడగడం కూడా న్యాయం కాదు. ఆలస్యమైతే మీ ప్రతిపాదన ఎంత మంచిదైనా మిగిలేది ఒక్కటే దారి: మొత్తం ఆయకట్టుకు ఒప్పుకుని మార్చిలో చేలు ఎండనివ్వడం.

లెక్క: నిల్వది కాదు, ప్రవాహానిది

నాగార్జునసాగర్‌లో 312 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) నిలుస్తాయి కాబట్టి అక్కడ నీటిమట్టం చూసి మాట్లాడొచ్చు. డెల్టా కాలువలకు నీరిచ్చే ధవళేశ్వరం బ్యారేజీలో నిలిచేది మూడు టీఎంసీల లోపే. ఒక టీఎంసీ అంటే రోజంతా 11,574 క్యూసెక్కుల (సెకనుకు అన్ని ఘనపుటడుగుల) ప్రవాహం. మూడు కాలువలకు కలిపి 8,000 క్యూసెక్కులు వదిలితే పై నుంచి చుక్క రాకపోయినా నిండు బ్యారేజీ నాలుగు రోజులకు మించి సరిపోదు. అందులోనూ మట్టం కొంత తగ్గేసరికే కాలువల్లోకి నీరు సరిగా ఎక్కదు. అందుకే బ్యారేజీ నిండుగా ఉన్న ఫొటోతో ప్రజెంటేషన్ మొదలుపెట్టకండి. అది చూశాక కొరత ఉందంటే ఎవరూ నమ్మరు.

చూపాల్సింది వచ్చే నీరు. గత 20 ఏళ్ల డిసెంబరు–మార్చి ఇన్‌ఫ్లోలను పెద్దదాని నుంచి చిన్నదాని వరకు పేర్చండి. 16వ స్థానంలో ఉన్న అంకె సుమారు 75 శాతం భరోసా ఉన్న నీరు, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు అంతకు తగ్గదు. 19వది 90 శాతం భరోసా. సగటు మాత్రం వాడొద్దు. ఒకటి రెండు మంచి సంవత్సరాలు సగటును పైకి లాగేస్తాయి. ఈ లెక్క నెలనెలా విడిగా వేయాలి. ఎగువన జెన్‌కో (ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ) నడిపే సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే నీటిని వేరే గీతగా చూపండి. అది కరెంటు అవసరాన్ని బట్టి మారుతుంది, ఎగువనున్న బలిమెల జలాశయంలో ఒడిశాకూ వాటా ఉంది. జెన్‌కో నుంచి నెలవారీ విడుదల షెడ్యూలు రాతపూర్వకంగా తీసుకున్నాకే ఆ అంకెను లెక్కలో కలపండి. ‘అడిగితే ఇస్తారు’ అనే నీరు లెక్కలోకి రాదు.

ఒక ఉదాహరణ (అంకెలు లెక్క చూపడానికే): డిసెంబరు 1 నుంచి మార్చి 31 వరకు 121 రోజులు. అవసరం 84 టీఎంసీలు, అంటే సగటున సుమారు 8,000 క్యూసెక్కుల ప్రవాహం. భరోసా ఉన్న నీరు 72. లోటు 12. ఇక్కడితో ఆపితే నాయకులు ‘84లో 12 ఎంత, సర్దుకోండి’ అంటారు. నెలవారీగా చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. మార్చిలో కావాల్సింది 8,100, వచ్చేది 5,500 క్యూసెక్కులనుకుంటే, ఆ ఒక్క నెలలోనే లోటు 7 టీఎంసీలు. అది కంకి పాలుపోసుకునే సమయం. దెబ్బ తగిలేది కాట్రేనికోన, అల్లవరం, మొగల్తూరు లాంటి శివారు మండలాలకు. ఈ మాటను పటం మీద, మండలాల పేర్లతో చూపండి. ఏ ఎమ్మెల్యే అయినా తన మండలాన్ని వెంటనే గుర్తుపడతాడు.

మూడు దారులు, మూడేసి అంకెలు

ఒకే సిఫారసు పట్టుకెళ్తే అది అవునా కాదా అన్న వాదనగా మారుతుంది. మూడు ప్రత్యామ్నాయాలు పెట్టి, మీరు దేన్ని సిఫారసు చేస్తున్నారో తడుముకోకుండా చెప్పండి. మొదటిది, మొత్తం ఆయకట్టుకు నీరు, ఫిబ్రవరి నుంచి వంతులవారీ (కాలువలకు ఒకదాని తర్వాత ఒకదానికి) సరఫరా. రెండోది, మొత్తం ఆయకట్టు, కానీ డ్రెయిన్లకు (మురుగు కాలువలకు) అడ్డుకట్టలు వేసి ఆయిల్ ఇంజన్లతో నీటిని తిరిగి కాలువల్లోకి తోడడం. మూడోది, శివారులో కొంత భాగం అపరాలకు (మినుము, పెసర లాంటి పప్పు పంటలకు) మార్చడం. ప్రతి దానికీ ఎకరాలు, మిగిలే లోటు, డబ్బు, ఈ మూడే రాయండి. రెండో దారి అందరికీ నచ్చుతుంది కాబట్టి దాని షరతులు ముందే చెప్పాలి: డిసెంబరులోనే నిధులు విడుదల కాకపోతే అడ్డుకట్టలు ఫిబ్రవరికి పూర్తి కావు, సముద్రపు పోటు ఎక్కే డ్రెయిన్లలో నీరు ఉప్పదై చేలకు పనికిరాదు. మూడో దారి ఎంచుకుంటే విత్తనం ఎక్కడుందో వ్యవసాయ శాఖ జేడీ (జాయింట్ డైరెక్టర్) ఆ రోజే చెప్పగలగాలి.

హాల్లోకి వెళ్లకముందు

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఒకే బ్యారేజీ కింద అయిదు జిల్లాలున్నాయి: తూర్పు గోదావరి, కాకినాడ, కోనసీమ, పశ్చిమ గోదావరి, ఏలూరు. డెల్టా హద్దులకూ జిల్లా హద్దులకూ పొంతన లేదు. ఒక జిల్లా సమావేశం మార్చి 31న కాలువలు కట్టేస్తామని, పక్క జిల్లా ఏప్రిల్ 15న అని తీర్మానిస్తే చివరికి నిలిచేది రెండోదే, దానికి నీళ్లుండవు. కాబట్టి అయిదు జిల్లాలకూ ఒకటే నీటి లెక్క, ఒకటే ముగింపు తేదీ ధవళేశ్వరంలోని జలవనరుల శాఖ కార్యాలయం నుంచి వెళ్లాలి. కలెక్టర్లకు వారం ముందే ఒకే నోట్ చేరాలి.

నీటి సంఘాల అధ్యక్షులతో, డిస్ట్రిబ్యూటరీ (పంపిణీ కాలువల) కమిటీలతో ముందే కూర్చోండి. ఏ తూము దగ్గర నీరు పారడం లేదో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) నివేదిక కన్నా కాలువ కాపలా చూసే లష్కరే బాగా చెప్తాడు. వాళ్ల ఫిర్యాదు మొదటిసారి మంత్రి ఎదుటే బయటపడితే సమావేశమంతా ఆ తూము చుట్టూనే తిరుగుతుంది. తాగునీటి చెరువులు నింపడానికి కాలువ మూసేముందు ఎన్ని రోజులు కావాలో గ్రామీణ నీటి సరఫరా విభాగం నుంచి, చేపల చెరువులు ఎంత లాగుతున్నాయో మత్స్యశాఖ నుంచి అంకెలు తీసుకోండి. ఈ రెండూ మరిచిపోతే మార్చి లెక్క తప్పుతుంది.

సమావేశంలో

నోట్ ఒకటే పేజీ. పైన అడుగుతున్న నిర్ణయం: ఆయకట్టు, ఊడ్పులకు చివరి తేదీ, కాలువలు కట్టేసే తేదీ. కింద నెలవారీ పట్టిక. అంకెలను టీఎంసీల్లోనూ క్యూసెక్కుల్లోనూ పక్కపక్కన రాయండి. నాయకులు మొదటిది మాట్లాడతారు, కాలువ మీద పనిచేసేవాళ్లు రెండోది. స్లయిడ్లు అయిదు దాటొద్దు.

‘నిరుడు ఇదే మాట అన్నారు, పంట పండింది కదా’ అనే ప్రశ్న తప్పక వస్తుంది. నిరుటి అంచనా, నిజంగా వచ్చిన నీరు, ఎండిన ఎకరాలు పక్కపక్కన చూపే కాగితం చేతిలో ఉంచుకోండి. అంచనా తప్పి ఉంటే అదీ చూపండి. దాచిన అంకెను ఎవరో ఒకరు లేచి చెప్తారు. తెలియని దానికి ‘చూసి చెప్తాం’ అనకుండా ఎవరు, ఏ తేదీకి చెప్తారో అక్కడే చెప్పండి.

మినిట్స్ ఆ సాయంత్రమే సంతకానికి వెళ్లాలి. ‘నీటి లభ్యతను బట్టి సరఫరా’ అన్న వాక్యం అందులోకి రానివ్వకండి. దాన్ని ఎవరికి కావాల్సినట్టు వాళ్లు చదువుకుంటారు. దాని బదులు ఇలా రాయించండి: బ్యారేజీ ఇన్‌ఫ్లో వరుసగా అయిదు రోజులు ఫలానా క్యూసెక్కుల కన్నా తగ్గితే మర్నాటి నుంచి వంతులవారీ అమలు, ఉత్తర్వు ఇచ్చేది సూపరింటెండింగ్ ఇంజనీరు, అంటే ఎస్‌ఈ. అప్పుడు ఫిబ్రవరిలో మళ్లీ సమావేశం పిలవక్కర్లేదు, వంతు మొదలయ్యే రోజు రైతుకు ముందే తెలుస్తుంది.