దేశం అట్టుడుకుతున్నప్పుడు మన ఊళ్లో మనం చేయగల పనులు

కులం పేరుతో ఎక్కడో ఒక ప్రాణం పోతుంది, రెండు రోజుల్లో జనం రోడ్ల మీదికి వస్తారు, టీవీ పెడితే లాఠీలు, ఫోన్ తీస్తే బూతులు, నల్లగొండలోనో పాలమూరులోనో ఉన్న మనకేమో ‘నేనొక్కణ్ని ఏం చేస్తా’ అని కాళ్లూ చేతులూ ఆడవు. ఆ టెన్షన్ ఉత్తదేం కాదు. కానీ ఊరు దాటకుండానే చేయగల పనులు ఉన్నాయి.

ముందు ఫోన్ సంగతి. వార్తలు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూడండి, చాలు. చంపుతున్న వీడియో పదే పదే చూస్తే బాధితులకు ఒరిగేదేమీ లేదు, మీ నిద్ర పోతుంది. ఫార్వర్డ్ చేసే ముందు ఆగండి, ఎప్పటిదో పాత గొడవ వీడియో కొత్తదన్నట్టు తిరుగుతుంటుంది. అత్యాచారం కేసుల్లో బాధితురాలి పేరు, ఫొటో బయటపెట్టడం నేరం కూడా.

అదే ఫోన్ సాక్ష్యం కూడా అవుతుంది. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో ఒక పోలీసు జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద మోకాలు పెట్టి తొమ్మిది నిమిషాలకు పైగా అదిమాడు. పోలీసులు మొదట ఇచ్చిన ప్రకటనలో ఆ మోకాలి మాటే లేదు. దారిన పోతూ ఆగి, 17 ఏళ్ల అమ్మాయి తీసిన వీడియో వల్లే నిజం బయటపడింది, మరుసటి ఏడాది ఆ పోలీసుకు ఇరవై రెండున్నర ఏళ్ల జైలు పడింది. మీ కళ్ల ముందు దాడి జరిగితే కాస్త దూరంలో నిలబడి ఆపకుండా తీయండి. తేదీ, టైము, చోటు రాసి పెట్టుకోండి. కట్ చేయకండి, అసలు ఫైల్ డిలీట్ చేయకండి, గ్రూపుల్లో పెట్టకుండా బాధితులకూ పోలీసులకూ ఇవ్వండి.

అన్నిటికంటే పెద్ద పని బాధితుల వెంట స్టేషన్‌కు వెళ్లడం. ఒంటరిగా వెళ్తే ‘రాజీ చేసుకోండి’ అని పంపించేస్తారు, పక్కన చదువుకున్న మనిషి ఒకరు కూర్చుంటే మాట తీరే మారుతుంది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (ఇక్కడ అత్యాచారం అంటే కులం పేరుతో చేసే దౌర్జన్యాలన్నీ) ప్రకారం ముందస్తు విచారణ పేరు చెప్పి ఎఫ్ఐఆర్ ఆపకూడదు, దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోం అని అంటే దాన్ని ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. చాలా నేరాల్లో ప్రభుత్వ పరిహారంలో కొంత భాగం ఎఫ్ఐఆర్ అయిన దశలోనే రావాలి, ఈ సంగతి వాడలో, తండాలో చాలామందికి చెప్పేవాళ్లే లేరు, మీరు చెప్పండి. 14566 ఎస్సీ, ఎస్టీల మీద జరిగే దౌర్జన్యాల ఫిర్యాదుల హెల్ప్‌లైన్, 15100 ఉచిత న్యాయ సహాయం. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లాయర్‌ను ఇస్తారు.

ఇదంతా చేసి ఏం లాభం అనిపిస్తే మిర్యాలగూడ గుర్తు చేసుకోండి. 2018 సెప్టెంబరులో కులాంతర పెళ్లి చేసుకున్న దళిత యువకుణ్ని పట్టపగలు, గర్భవతి అయిన భార్య కళ్ల ముందే నరికారు. ఆరున్నర ఏళ్లు పట్టింది, కానీ 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఉరిశిక్ష మీద ఎవరి అభిప్రాయం వారిది, నాకు ధైర్యం ఇచ్చేది ఏమిటంటే, డబ్బుతో చేయించిన హత్య కూడా మన జిల్లా కోర్టులోనే నిరూపణ అయింది.

ఇక మన ఇంటి సంగతి. 2017 ఫిబ్రవరిలో అమెరికాలోని ఒలేథాలో ‘మా దేశం నుంచి పో’ అని అరుస్తూ మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపితే, పిల్లలను అక్కడికి పంపిన ప్రతి ఇల్లూ వణికింది. ఆ రోజు దుండగుణ్ని ఆపబోయి తూటా తిన్నవాడు ఇయాన్ గ్రిలట్ అనే తెల్లజాతి మనిషి. ఆయనకు చేతులెత్తి దండం పెట్టాం కదా, మరి మన వీధిలో అద్దెకు వచ్చినవాళ్లను ‘మీరు ఏమోళ్లు?’ అని అడిగి తలుపేస్తుంటే మనం ఎందుకు అడ్డం పడం? మీకు ఇల్లుంటే ఆ ప్రశ్న మానేయండి. పక్కింటాయన అడిగితే ‘అన్నా, కిరాయి కడతాడా లేదా చూడు, కులంతో నీకేం పని’ అని అక్కడికక్కడే అనండి. పిల్లలు వింటుండగా అంటే ఇంకా మంచిది.

ఊళ్లలో ప్రతి నెలా 30న పౌర హక్కుల దినం పెట్టాలి, తహశీల్దారు, ఎస్సై వస్తారు. చాలాచోట్ల ఫొటోలు దిగి పోతారు, అలా పోనివ్వకండి. ఈ నెల ఏ ఊళ్లో పెడుతున్నారో తహశీల్దారు ఆఫీసులో అడిగి, నలుగురు కలిసి వెళ్లండి. హోటల్లో వేరే గ్లాసు పెడుతున్నా, కటింగ్ షాపులో కూర్చోనివ్వకపోయినా, గుడిలోకి రానివ్వకపోయినా అక్కడ చెప్పండి. కూలీ, అప్పు ఊరి పెద్దల దగ్గరే ఉన్నవాళ్లు నోరు విప్పడం కష్టం కాబట్టి ఎస్సీలు కాని వాళ్లు లేచి మాట్లాడండి, చెప్పిన మాట కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి.