మూర్నౌ ‘సన్‌రైజ్’ని ఎలా చూడాలి

మూకీల కాలం ముగుస్తుండగా, 1927లో జర్మన్ దర్శకుడు మూర్నౌ తీసిన సినిమా ఇది. పట్నం పిల్ల మోజులో పడిన రైతు పెళ్లాన్ని నీళ్లలో ముంచేద్దామనుకుని, తీరా చేతులాడక ఆగిపోతాడు. కథ అంతే. కథ కోసం కూర్చుంటే గంటన్నర బరువుగా గడుస్తుంది. కెమెరా ఎటు వెళ్తోందో చూడండి.

ముందు ప్రింటు సంగతి. అసలు నెగటివ్ 1937లో ఫాక్స్ స్టూడియో గోదాము అగ్నిప్రమాదంలో పోయింది. మిగిలినవాటిలో సుమారు 95 నిమిషాల మూవీటోన్ వెర్షన్‌తో మొదలుపెట్టండి. పొట్టిదైన చెక్ దేశపు వెర్షన్ తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది. మూవీటోన్‌లో సంగీతాన్ని ఫిల్మ్ మీదే ఒక అంచున ముద్రించారు. దానికి చోటివ్వాల్సి రావడంతో బొమ్మ వెడల్పు తగ్గి ఇంచుమించు చతురస్రమైంది (1.20:1). కాబట్టి టీవీలో రెండు పక్కలా నల్లపట్టీలు కనబడాలి. తెర నిండా వస్తోందంటే బొమ్మని సాగదీశారు, లేదా పైనా కిందా కోసేశారు. కదలికల్ని కృత్రిమంగా నున్నగా చేసే టీవీ సెట్టింగ్ (మోషన్ స్మూతింగ్) కూడా ఆపేయండి.

కొత్త సంగీతం అతికించిన కాపీలు వద్దు. తుపాను తర్వాత భార్య కోసం వెతుకుతూ అతను వేసే కేక మనకు గొంతుతో కాదు, హార్న్ వాద్యంతో వినిపిస్తుంది. ట్రాక్ మారిస్తే అది పోతుంది.

ఇక, వెన్నెల్లో చిత్తడి నేల మీది నడక. ఈ షాట్‌ని కనీసం రెండుసార్లు చూడాలి. కెమెరా మొదట రైతు వెనకాలే వెళ్తుంది. అతను కంచె దాటి, మనవైపే వచ్చి, పక్కకు తప్పుకుంటాడు. కెమెరా మాత్రం ఆగదు. కొమ్మల్ని తోసుకుంటూ ముందుకెళ్లి, ఎదురుచూస్తున్న పట్నం పిల్ల దగ్గర తేలుతుంది. ఇదంతా అతని చూపే అనుకుంటాం. ఆమె ముఖానికి పౌడరు అద్దుకున్నాక, అతను మరో పక్కనుంచి వస్తాడు! మనిషికన్నా ముందే కోరిక చేరుకుందన్నమాట. మధ్యలో కట్ లేదు. ఛాయాగ్రాహకులు ఛార్లెస్ రోషర్, కార్ల్ స్ట్రస్ కెమెరాని పైన కట్టిన పట్టాలకు వేలాడదీసి నడిపించారు. మూర్నౌ శైలి మొత్తం ఈ ఒక్క షాట్‌లో దొరుకుతుంది.

రైతుగా వేసిన జార్జ్ ఓబ్రయన్ నడక కూడా గమనించండి. ఆ ఈడుపు కోసం బూట్లలో బరువులు పెట్టించారు. పట్నంలో భార్యాభర్తలు కలిసిపోయాక అతని భుజాలు ఎలా నిటారవుతాయో పోల్చుకోండి.

మాటల్ని తెర మీద రాసి చూపే టైటిల్ కార్డులు చదివి వదిలేయకండి. ముంచేయమనే మాట వచ్చినప్పుడు అక్షరాలే కిందికి జారి మునిగిపోతాయి.

నడిమి భాగంలో ఫొటో స్టూడియో, తప్పతాగిన పందిపిల్ల సరదాలు సాగదీతలా తోచి చాలామంది ముందుకు జరిపేస్తారు. అలా చేస్తే తిరుగు ప్రయాణంలో తుపానుకి భయం పుట్టదు.